తీర్మానాల పుస్తకంలో చరిత్ర: పడమటి ప్రకాశం మహిళా సంఘాలు



సారా కొట్టు మూయించిన దూబగుంట రోశమ్మగారిని తలుచుకుంటూ మాట్లాడమని నన్ను పిలిచినవాళ్ళు విషయం కూడా తామే చెప్పారు. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి వైపు ఆడవాళ్ళు సంఘంగా ఎలా నిలబడ్డారో చెప్పమన్నారు. ఈ చరిత్రను ఇంతవరకు ఎవరూ ఒకచోట కూర్చి రాయలేదు. అది ఎందుకు జరగలేదో ముందు చెప్పుకుందాం.

తెలుగునాట స్త్రీల ఉద్యమం గురించి ఏ పుస్తకం తీసినా రాజమండ్రిలో మొదలవుతుంది. 1881 డిసెంబరులో కందుకూరి వీరేశలింగం చేయించిన తొలి వితంతు వివాహం వస్తుంది. తర్వాత గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో పెట్టిన శారదా నికేతనం. ఆ తర్వాత 1937లో మద్రాసులో దుర్గాబాయి స్థాపించిన ఆంధ్ర మహిళా సభ. ఇవన్నీ గొప్ప సంస్థలు, వాటికి చేతులెత్తి మొక్కాలి. వాటికి భవనాలున్నాయి, నివేదికలున్నాయి, స్థాపకుల జీవిత చరిత్రలున్నాయి. కాబట్టి చరిత్రా ఉంది.

మన పడమటి తాలూకాలకు ఆ భాగ్యం లేదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉన్నాయి. కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో ఉన్నాయి. ఎటు చూసినా జిల్లా చివర మనమే. జిల్లా మారినా దూరం మారలేదు. గిద్దలూరు మనిషికి ఒంగోలులో ఒక కాగితం పని పడితే ఆ రోజు కూలి పోయినట్టే ఉండేది. సంస్కరణ సంఘాలు పుట్టిన పట్నాల్లో వకీళ్ళున్నారు, కాలేజీలున్నాయి, పత్రికలున్నాయి. ఇక్కడ నల్లమల, కరువు, వలస ఉన్నాయి. అందుకే ఇక్కడి ఆడవాళ్ళ సంఘం ఎవరో పట్నంలో పెట్టిన సంస్థకు శాఖగా రాలేదు. అది రాత్రి బడిలో పుట్టి సారా కొట్టు ముందు పెరిగింది.

అయినా దుర్గాబాయి దగ్గర కాసేపు ఆగాలి. ఎనిమిదేళ్ళకే పెళ్ళయిన పిల్ల ఆమె. ఊహ తెలిశాక ఆ పెళ్ళి తనకు వద్దని చెప్పి బయటికి వచ్చింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళింది. బయటికొచ్చాక కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదివి పాసయింది, తర్వాత బి.ఏ., ఆ తర్వాత న్యాయశాస్త్రం చదివింది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడది మళ్ళీ మొదలుపెట్టగలదని తన బతుకులోనే చూసిన మనిషి కాబట్టి, మహిళా సభలో పెద్దవయసు స్త్రీలను కూర్చోబెట్టి అదే మెట్రిక్ పరీక్షకు తయారుచేసింది. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యాక ఆ పద్ధతినే 1958 నుంచి దేశమంతా పథకంగా నడిపించింది. వితంతువులు, భర్త వదిలేసినవాళ్ళు ఆ సంక్షిప్త కోర్సులు చదివి నర్సులయ్యారు, టీచర్లయ్యారు. పాతికేళ్ళు దాటిన ఆడమనిషి చేతికి పలక ఇవ్వడం దండగ కాదని ప్రభుత్వం చేత ఒప్పించడం ఆమె చేసిన పనుల్లో అన్నిటికన్నా పెద్దదని నా నమ్మకం. రాజ్యాంగ సభలో ఆమె చేసిన ప్రసంగాల కన్నా కూడా పెద్దదంటాను.

పలక అన్నాను కాబట్టి మార్కాపురం మాట కూడా చెప్పాలి. రాష్ట్రంలో రెండు మూడు తరాల పిల్లలు అ, ఆలు దిద్దింది మార్కాపురం రాతి పలకల మీద. ఆ పలకలు కోసిన, అరగదీసిన, చట్రాలు బిగించిన చేతుల్లో ఎన్నో ఆడవాళ్ళవి. ఆ దుమ్ము పీల్చుకుంటూ లోకానికంతా పలక అందించిన ఆడకూలీల్లో ఎంతోమందికి తమ పేరు దాని మీద రాసుకోవడం రాదు. మన ప్రాంతంలో స్త్రీ విద్య గురించి ఇంతకన్నా బాధాకరమైన మాట నాకు తెలియదు.

1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలైంది. 1990లో కేరళలో ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన తొలి జిల్లా అయింది. ఆ ఊపులో నెల్లూరు జిల్లా కూడా అక్షరాస్యత ఉద్యమంలోకి దిగింది. కనిగిరి, పామూరు దాటితే ఉదయగిరి, ఆ పక్క కలిగిరి మండలం. నేల, వాన, పేదరికం మన పడమటి ఊళ్ళలాగే ఉంటాయి. ఆ మండలంలోనే దూబగుంట ఉంది.

పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి లాంతరు చుట్టూ కూర్చున్నారు. వాచకం రాసినవాళ్ళు తెలివైన పని చేశారు. అందులో సీతమ్మ కథ అనే పాఠం పెట్టారు. తాగుబోతు మొగుడి వల్ల చితికిపోయిన ఇల్లాలి కథ అది. పాఠం చదివించి వదిలేయకుండా ప్రశ్నలు వేశారు. సీతమ్మకు ఈ గతి ఎందుకు పట్టింది? మీ ఊళ్ళో ఇలాంటి ఇళ్ళు ఎన్ని? సారా కొట్టు ఎవరిది? ఈ ప్రశ్నలకు జవాబులు పుస్తకంలో లేవు, చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళ దగ్గరే ఉన్నాయి. అక్షరం నేర్చుకునే చోట మాట కూడా వచ్చింది. ఒక్కొక్కరూ తన ఇంటి గుట్టు అనుకుంటున్నది అందరి ఇళ్ళలోనూ ఉన్నదేనని ఆ లాంతరు వెలుగులో తెలిసింది.

దూబగుంటలో తాగిన మైకంలో మనుషులు చెరువులో పడి చచ్చిపోయాక ఆడవాళ్ళు ఇక ఊరుకోలేదు. రోశమ్మ ముందు నిలబడింది. ఊళ్ళోకి సారా రాకుండా అడ్డుకుని, కొట్టు మూయించారు. ఈ విజయమే తర్వాతి వాచకంలో ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠమైంది. ఒక ఊరివాళ్ళు చేసిన పని పక్క ఊరివాళ్ళకు చదువైంది, ఆ చదువు మళ్ళీ పనిగా మారింది. 1992 నాటికి నెల్లూరు జిల్లా దాటి ప్రకాశం, కర్నూలు, చిత్తూరు, కడప జిల్లాలకు ఉద్యమం పాకింది. పత్రికలు, ముఖ్యంగా ఈనాడు, ఆ వార్తలను రోజూ మోశాయి. వావిలాల గోపాలకృష్ణయ్యగారి లాంటి గాంధేయులు, జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, ఎర్ర జెండా మహిళా సంఘాలు, ఎవరి దారిన వాళ్ళు వచ్చి వీళ్ళ వెనక నిలబడ్డారు. ముందు నిలబడింది మాత్రం కూలి ఆడవాళ్ళు.

ఎదురుగా ఉన్నదెంత పెద్దదో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. ఎన్టీ రామారావు తొలి ప్రభుత్వ కాలంలో వచ్చిన వారుణి వాహిని పథకం కింద సారా ప్రభుత్వమే సరఫరా చేసే ప్లాస్టిక్ ప్యాకెట్లలోకి మారింది. అంతకుముందు తాగాలంటే కొట్టు దాకా నడిచి పోవాలి. ప్యాకెట్టు వచ్చాక సారాయే చేను గట్టుకు వచ్చింది, కూలి డబ్బులు పంచే చోటికి వచ్చింది, అప్పు మీద ఇంటి గడప దాకా వచ్చింది. ఏటా సారా వేలం పాట జరిగేది. పాట పాడుకున్న కాంట్రాక్టరు పెట్టుబడి రాబట్టుకోవాలంటే మనుషుల చేత ఇంకా ఇంకా తాగించాలి. 1970ల మొదట్లో నలభై కోట్ల రూపాయలు కూడా లేని రాష్ట్ర ఎక్సైజు ఆదాయం 1991-92 నాటికి ఎనిమిది వందల కోట్లు దాటింది. ఆ ఎనిమిది వందల కోట్లు కంచంలోంచి తీసుకున్నవే. నాలుగు రోజుల కూలిలో రెండు రోజులది కొట్టుకు పోతే, తగ్గేది ఎవరి ముద్దో ఇల్లాలికి తెలుసు. ముందు తనది తగ్గించుకుంటుంది, తర్వాత ఆడపిల్లది.

ఆడవాళ్ళు దెబ్బ కొట్టింది కూడా సరిగ్గా ఆ పాట దగ్గరే. ప్యాకెట్లు తగలబెట్టారు. తాగొచ్చిన మగవాళ్ళకు అన్నం పెట్టబోమన్నారు. సారా పాటలు జరిగే చోటికి వందలమంది వెళ్ళి అడ్డంగా కూర్చున్నారు. నెల్లూరులో పాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. చివరికి 1993 ఏప్రిల్‌లో కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం నెల్లూరు జిల్లాలో సారా నిషేధించింది, ఆ అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా నిషేధించింది. 1994 డిసెంబరులో ఎన్టీ రామారావు మళ్ళీ గెలిచారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది.

ఇక్కడ ప్రకాశం జిల్లాకు పేరిచ్చిన మనిషిని తలుచుకోకుండా ముందుకు పోలేను. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వం పడిపోయింది మద్యనిషేధం మీదే. నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ సిఫారసు చేసింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు, అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. కుర్చీ పోయినా పంతులు మాట మార్చుకోలేదు. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత ఆయన పేరు పెట్టుకున్న జిల్లా ఆడవాళ్ళు అదే మాట మీద రోడ్డెక్కారు. వాళ్ళలో చాలామందికి 1954 సంగతి తెలిసి ఉండదు. పంతులుది చట్టంలో చెయ్యాల్సిన పని, వీళ్ళది ఇంట్లో జరుగుతున్న నష్టం. రెండూ కలిస్తే తప్ప నిషేధం నిలవదని మనకు 1997లో తెలిసింది. ఆ ఏడు చంద్రబాబునాయుడు ప్రభుత్వం ఖజానా లోటు చూపి నిషేధం ఎత్తేసింది. నిషేధం తెచ్చింది ఆడవాళ్ళు, ఎత్తేసేటప్పుడు మాత్రం వాళ్ళను అడిగినవాళ్ళు లేరు. సారా కొట్టు మూయించిన ఊళ్ళలో తర్వాత బెల్టు షాపులు వచ్చాయి, నల్లమల అంచు తండాల్లో నాటుసారా బట్టీలు పొగలేశాయి.

ఉద్యమం ఓడిపోయిందని కొందరు రాశారు. నేనొప్పుకోను. కొట్టు ముందు కూర్చున్న ఆడవాళ్ళు లేచి ఇళ్ళకు పోలేదు. సారాకు పోయే డబ్బు మిగిలితే ఏం చేద్దామని నెల్లూరు జిల్లాలో ఆలోచించి రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. పొదుపు లక్ష్మి అని దానికి పేరు. ఆ పొదుపు సంఘాలే డ్వాక్రాతో కలిసి రాష్ట్రమంతా అల్లుకున్నాయి. 2000లో పేదరిక నిర్మూలన సంస్థ, వెలుగు ప్రాజెక్టు వచ్చాక సంఘాలు కలిసి గ్రామైక్య సంఘాలయ్యాయి, అవి మండల సమాఖ్యలయ్యాయి. అంతకుముందే 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం 1995లో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్ళకు దక్కాయి. సంఘంలో లేచి మాట్లాడటం నేర్చుకున్న మనిషి సర్పంచి కుర్చీలో కూర్చుంది. మొదట్లో వెనకాల మొగుడే నడిపించాడన్నారు. కొన్నిచోట్ల నిజమే. అన్నిచోట్లా కాదు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న దగ్గరికి వస్తాను.

పుల్లలచెరువు వైపు ఒక ఊళ్ళో సంఘం మీటింగులో కూర్చున్నాను. పదిమంది గుండ్రంగా కూర్చున్నారు, మధ్యలో ఇనప పెట్టె, పెట్టె మీద అట్ట చిరిగిన పాత తీర్మానాల పుస్తకం. అడిగితే లీడరు ఇచ్చింది, మొదటి పేజీల నుంచి తిరగేశాను. మొదటి ఏళ్ళ పేజీల్లో వేలిముద్రలే ఎక్కువ, సంతకాలు రెండో మూడో. తీర్మానాలు మాత్రం నిండుగా ఉన్నాయి. చేతిపంపు చెడిపోయింది, మండలాఫీసుకు అర్జీ పెట్టాలి. ఫలానా ఇంట్లో పిల్లను బడి మాన్పించారు, వెళ్ళి అడగాలి. బస్టాండు దగ్గర ప్యాకెట్లు అమ్ముతున్నారు, కనిపెట్టి ఉండాలి. ఒక సభ్యురాలిని భర్త కొట్టాడు, వచ్చే వారం పిలిపించాలి. రాను రాను సంతకాలు పెరిగాయి, వేలిముద్రలు తగ్గాయి. తీర్మానాలు కూడా మారిపోయాయి. చివరి పేజీల నిండా ఒకటే రకం: బ్యాంకు లింకేజీ ఇంత, కంతు ఇంత, వడ్డీ ఇంత, బకాయి ఫలానావారిది. అర్జీ మాట ఎక్కడా లేదు.

“ఇప్పుడు ఇవేం రాయడం లేదేమమ్మా?” అని అడిగాను.

“రాయడానికి టైమేదమ్మా? లెక్కలే తెగవు,” అంది లీడరు.

ఆమెను తప్పుబట్టడానికి ఇది చెప్పడం లేదు. అప్పు చిన్న విషయం కాదు. వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కకుండా పిల్ల ఫీజు కట్టగలగడం, ఆసుపత్రి ఖర్చు పెట్టుకోగలగడం ఆడమనిషికి ఎంత ధైర్యమో నేను చూశాను. మైక్రో ఫైనాన్సు కంపెనీల వసూళ్ళకు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళను చూసి 2010లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చిన సంగతీ గుర్తుంది. సంఘం అప్పు తక్కువ వడ్డీది, మన చేతిలోది. కానీ సంఘం మొదట పుట్టింది అడగడానికి. ఎందుకు కొట్టు పెట్టారని, ఎందుకు పంపు బాగుచెయ్యలేదని, ఎందుకు పిల్లను బడి మాన్పించారని అడగడానికి. తిరిగి కట్టే లెక్క పెరిగిన కొద్దీ అడిగే నోరు తగ్గింది. పైనుంచి వచ్చే అధికారులు కూడా రికవరీ శాతం అడుగుతారు గానీ, ఈ ఏడు మీరు ఎన్ని అర్జీలు పెట్టారని అడిగినవాళ్ళను నేను చూడలేదు.

అడగాల్సినవి మన ప్రాంతంలో తీరిపోయాయా? నీళ్ళ సంగతే తీసుకోండి. నీళ్ళలో ఫ్లోరైడు వల్ల ఎముకలు వంకరపోతాయని మన దేశంలో వైద్యులు మొదట రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని ఊళ్ళను చూసి. మన పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోవే. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పుట్టిన ఏడాదే అది. ఇన్నేళ్ళ తర్వాత కూడా పడమటి ఊళ్ళలో తాగే నీళ్ళ క్యానుకు డబ్బు పెట్టాల్సి వస్తోంది. కొనలేని ఇంట్లో ఆ బోరు నీళ్ళే వంటకు, ఆ నీళ్ళే తాగడానికి. మోకాళ్ళు పట్టేసి నేలమీద నుంచి లేవలేని ఆడవాళ్ళకు యాభై ఏళ్ళు కూడా ఉండవు. ఈ ఊళ్ళకు నీళ్ళు తేవాల్సిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. పద్దెనిమిది కిలోమీటర్ల పైచిలుకు సొరంగాలు కొండను తొలుచుకుంటూ రావడానికి ఒక తరం పట్టింది. ఆ శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలు ఈనాడు తల్లులు.

కంభం చెరువు మన కళ్ళ ముందే ఉంది. విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ అనే రాణి కట్టించిందని మనవాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. గుండ్లకమ్మను రెండు కొండల మధ్య ఆపిన చెరువు అది. నీళ్ళు ఆడవాళ్ళ విషయమని ఈ నేలకు కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా నీళ్ళ మీద జరిగే మీటింగుల్లో, సాగునీటి సంఘాల్లో ఆడవాళ్ళు ఎంతమంది?

పెళ్ళిళ్ళ సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ళ ఆడవాళ్ళలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. మన ఊళ్ళలో దీనికీ వలసకూ సంబంధం ఉంది. మిరపకోతలకు గుంటూరు వైపు, కట్టుబడి పనులకు హైదరాబాదుకు తల్లిదండ్రులు పోతారు. ఎదిగిన పిల్లను ఇంట్లో ఒంటరిగా ఎలా వదలాలన్నది తల్లి భయం. వెంట తీసుకుపోతే చదువు పోతుంది, వదిలిపోతే గుండె నిలవదు, కాబట్టి పెళ్ళి చేసేస్తుంది. ఆ తల్లిని తిట్టి, చట్టం చూపించి బెదిరిస్తే పని జరగదు. వలస పోయే నెలల్లో ఆడపిల్లలకు హాస్టలు సీటు ఇప్పించే బాధ్యత మండల సమాఖ్య నెత్తిన వేసుకుంటే జరుగుతుంది. కస్తూర్బా బాలికా విద్యాలయాలున్నాయి, వాటిలో సీటు ఎవరికి ముందు దక్కాలో చెప్పగలిగేది ఏ ఇల్లు ఏ నెలలో తాళం పడుతుందో తెలిసిన సంఘమే.

భూమి సంగతి కూడా ఒక మాట. కూతురికి పిత్రార్జితంలో సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా. కేంద్రం ఆ పని చేసింది 2005లో. ఇరవై ఏళ్ళు ముందు నడిచిన రాష్ట్రం మనది. ఊళ్ళలో మాత్రం పసుపు కుంకుమల కింద ఎకరమో అరెకరమో ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. పుట్టింటి వాళ్ళతో మాట పోతుందని కూతురు అడగదు. అన్నదమ్ముల గుమ్మం మూసుకుపోతుందన్న భయం చిన్నది కాదు, రేపు మొగుడు తన్ని తగిలేస్తే పోవడానికి ఆ గుమ్మం ఒక్కటే ఉంది మరి. ఆ భయం పోవాలంటే ఆమెకు ఇంకో గుమ్మం చూపించాలి. 2006 అక్టోబరు నుంచి గృహహింస చట్టం అమల్లో ఉంది, రక్షణాధికారి ఉన్నారు. మన తండాల నుంచి, చెంచు గూడేల నుంచి ఆ అధికారి ఉండే ఆఫీసుకు చార్జీ పెట్టుకుని ఎవరు పోతారు? తోడు ఎవరు పోతారు? సంఘం పోవాలి. ఒకప్పుడు ఆ తీర్మానాల పుస్తకంలోనే వచ్చే వారం పిలిపించాలని రాసుకున్నారు కదా, ఆ పనే ఇది.

రెండు విన్నపాలు చేస్తాను.

ఒకటి నిర్వాహకులకు. పాత తీర్మానాల పుస్తకాలు పోగుచేయండి. ఆడిట్ అయిపోయాక అవి అటకెక్కుతున్నాయి, చెదలు తింటున్నాయి, కొన్ని పాత కాగితాల వాళ్ళకు పోయాయి. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం శాఖా గ్రంథాలయాల్లో ఒక్కొక్క అలమరా చాలు. డిగ్రీ కాలేజీ పిల్లల చేత వాటిని చదివించి, ఫోటోలు తీయించి, ఆ పేజీల్లో వేలిముద్ర వేసిన ముసలివాళ్ళు బతికి ఉండగానే వాళ్ళను కూర్చోబెట్టి ఏ అర్జీకి ఏమైందో అడిగించండి. రోశమ్మగారు 2016లో వెళ్ళిపోయారు. ఆమె కథ పాఠమైంది కాబట్టి మిగిలింది. పక్క ఊళ్ళలో ఆమెలాగే నిలబడ్డవాళ్ళ కథలు పాఠాలు కాలేదు, వాళ్ళ వయసు ఇప్పుడు డెబ్భై, ఎనభై.

రెండోది సమాఖ్యల లీడర్లకు. మీటింగులో లెక్కలు మొదలుపెట్టకముందు ఒక్క తీర్మానం రాయండి, డబ్బుతో సంబంధం లేనిది. బోరు నీళ్ళు పరీక్ష చేయించి ఫలితం పంచాయతీ గోడ మీద రాయించమని మొదటి అర్జీ పెట్టండి. దాని నకలు పుస్తకంలో అతికించండి, తేదీ వేయండి, పదిమందీ సంతకాలు పెట్టండి. జవాబు రాకపోతే వచ్చే నెల ఆ పేజీ తీసి, అదే అర్జీ మళ్ళీ రాయండి.